తాతా... నల్లకుంటలో కుంటేదీ?

వానలు వెనకబట్టాయి. చలి ఇంకా రాలేదు. ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. హైదరాబాద్‌లో నడవడానికి ఇంతకన్నా మంచి రోజులు ఏడాది మొత్తంలో దొరకవు. అరకుకో ఊటీకో వెళ్లాలంటే టికెట్లు కావాలి, సెలవులు కావాలి. మన వీధి చివరిదాకా వెళ్లడానికి చెప్పులుంటే చాలు. ఆ వీధి చివర ఏముందో, ఒకప్పుడు ఏముండేదో తెలుసుకోవడానికి మాత్రం కాస్త ఓపిక కావాలి. అలా ఓ చిన్న ప్రశ్న పట్టుకుని బయల్దేరిన తాతామనవరాళ్ల వెంట... అయిదు ఆదివారాలు!

ఆదివారం, ఉదయం ఆరు గంటలు. నల్లకుంటలో ఓ పాత అపార్ట్‌మెంట్. తాతయ్య పాలప్యాకెట్ కోసం కిందికి దిగుతుంటే పదేళ్ల మనవరాలు వెంటపడింది. స్కూల్లో టీచరు 'మీరుండే ప్రాంతానికి ఆ పేరెలా వచ్చింది?' అంటూ పది వాక్యాలు రాసుకురమ్మన్నారట. ఒక్క వాక్యం కూడా తోచక తాతయ్య చొక్కా పట్టుకుని లాగింది.

'తాతా... మనది నల్లకుంట కదా. మరి కుంటేదీ?'

తాతయ్య మెట్ల మీదే ఆగిపోయారు. నలభై ఏళ్లుగా అదే చిరునామా. రేషన్ కార్డు మీద, కరెంటు బిల్లు మీద, కూతురి పెళ్లి శుభలేఖ మీద... ఎన్ని వేలసార్లు రాసి ఉంటారో ఆ పేరు! అందులో ఓ కుంట ఉందనీ, అది ఏమైపోయిందనీ ఒక్కనాడూ అనుకోలేదు.

'నాకూ ఎరుక లేదు బిడ్డా. నేనొచ్చేనాటికే పేరొక్కటి మిగిలింది. పా... ఎతుకుదాం' అన్నారు. పాలప్యాకెట్ సంగతి నానమ్మ చూసుకుంది.

నూరు శరత్తులు

ఆశ్వయుజం, కార్తీకం... ఈ రెండు నెలలూ శరదృతువు. పూర్వం నిండు నూరేళ్లూ బతకమని దీవించాల్సి వస్తే నూరు శరత్తులు చూడమనేవారు. నూరు ఎండాకాలాలు అనలేదు, నూరు వానాకాలాలూ అనలేదు. ఎందుకో హైదరాబాద్‌వాసులకు వేరే చెప్పక్కర్లేదు. మే నెలలో పొద్దున ఎనిమిదికే తారురోడ్డు సెగలు కక్కుతుంది. జులై, ఆగస్టుల్లో మ్యాన్‌హోల్ ఎక్కడుందో, గుంత ఎక్కడుందో తెలియదు. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున మంచు, చలి... పెద్దవాళ్లకు ఆయాసం. ఇక మిగిలింది ఈ నాలుగైదు వారాలే.

సాధారణంగా అక్టోబరు నడిమికల్లా నైరుతి రుతుపవనాలు తెలంగాణను వదిలి వెళ్లిపోతాయి. వానకు కడుక్కుపోయిన గాలిలో దుమ్ము తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండ చురుక్కుమన్నా తెల్లవారి గాలి చల్లగా తగులుతుంది. సూర్యుడు ఆరు దాటాక తీరిగ్గా వస్తాడు కాబట్టి మరీ చీకట్లో లేవాల్సిన పనీ లేదు. ఆరింటికి గుమ్మం దాటితే ఎనిమిదింటికల్లా ఇడ్లీ తినేసి ఇంట్లో ఉండొచ్చు.

మరో సంగతి. ఈ నడక ఆరోగ్యం కోసం పార్కులో చేసే చకచకా నడక కాదు. చేతులూపుకుంటూ, చెవిలో పాటలు పెట్టుకుని పన్నెండు రౌండ్లు లెక్కపెట్టేది అసలే కాదు. ఆగాలి, చూడాలి, అడగాలి. మన పేటలో మనమే పరాయి ఊరి నుంచి వచ్చిన చుట్టంలా తిరగాలి.

మొదటి ఆదివారం: ముక్కుతో నడిచారు!

కుంట సంగతేమోగానీ, మొదటి రోజు వాళ్లకు దొరికినవన్నీ వాసనలే. పాత ఇళ్ల ప్రహరీగోడల మీంచి రోడ్డు మీదికి వంగిన పారిజాతాలు. రాత్రి పూసి, తెల్లారేసరికి రాలిపోయే పూలవి. తెల్లని రేకులు, నారింజరంగు కాడలు. ఆరున్నరకు వెళ్తే నేలంతా పరిచినట్టుంటాయి. ఎనిమిదికి వెళ్తే చీపుర్లు ఊడ్చేసి ఉంటాయి. ఇంకాస్త ముందుకెళ్తే కాడమల్లె చెట్టు. ఆకాశంలోకి నిటారుగా పెరిగి, పొడవాటి తెల్లని పూలను గాలికి ఒక్కోటి కిందికి వదులుతుంది. పిల్లలు ఆ కాడ కొసలో తేనె చీకడం, బూరలు ఊదడం ఒకప్పుడు ప్రతి స్కూలు దగ్గరా కనిపించే ఆట. సాయంత్రం నడిచేవాళ్లకు ఏడాకులపాల చెట్టు ఎదురవుతుంది. నగరంలో రోడ్ల పక్కన దీన్ని బాగా నాటారు. ఆ ఘాటు కొందరికి మత్తు, మరికొందరికి తలనొప్పి!

ఇక బతుకమ్మ రోజులైతే చెప్పేదేముంది? ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు రోడ్ల పక్కన గోనెసంచుల్లో గునుగు, తంగేడు కుప్పలు. తెల్లవారకముందే పల్లెల నుంచి ఆటోల్లో, బస్సుల్లో వస్తాయి. గునుగు కట్టలకు గులాబీ, నీలం రంగులద్ది ఆరబెడుతుంటారు అమ్మేవాళ్లు. కొనేవాళ్లకు తంగేడు పువ్వు. ఏరుకొచ్చినవాళ్లకు అది ఊరి చివరి బీడు భూమి. ఆ బీడు తగ్గేకొద్దీ పువ్వు కోసం ఇంకాస్త దూరం పోవాలి. పూల ధర వెనక ఉన్న లెక్కల్లో అదీ ఒకటి.

పక్కనే సీతాఫలాల గంపలు. ఈ కాలంలో మహబూబ్‌నగర్ వైపు గుట్టల నుంచి వచ్చే కాయలకు నగరంలో గిరాకీ ఎక్కువ. ఆ జిల్లాలోని బాలానగర్ పేరుతో ఓ రకానికే పేరొచ్చింది. కాయ మీది కళ్లు బాగా విచ్చుకుని, గాడులు తెల్లబడితే పక్వానికి వచ్చినట్టు. మనవరాలికి ఆ కిటుకు చెప్పింది గంప దగ్గర కూర్చున్న అవ్వే. 'కండ్లు తెరిసిన కాయ కొనుక్కో బిడ్డా, కండ్లు మూసింది పండది' అంటూ.

తిరిగొచ్చేటప్పుడు ఫీవర్ ఆస్పత్రి. నల్లకుంట అంటే నగరంలో చాలామందికి గుర్తొచ్చేది ఇదే. దీని అసలు పేరులో రొనాల్డ్ రాస్ ఉన్నాడు. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన గుర్తించింది ఈ జంటనగరాల్లోనే, 1897 ఆగస్టు 20న. 1902లో నోబెల్ బహుమతి కూడా అందుకున్నాడు. ఆ పరిశోధన జరిగిన భవనం బేగంపేటలో ఉంది. వానాకాలం చివర్లో జ్వరాలతో వచ్చేవాళ్ల వరసలు ఆస్పత్రి దగ్గర పెరుగుతాయి. నీళ్లుండాల్సిన కుంటలు పోయి, నీళ్లుండకూడని గుంతలు మిగిలితే దోమలకు పండగే మరి.

ఆ రోజు నోటుబుక్కులో మనవరాలు రాసుకున్న మొదటి వాక్యం: 'కుంట దొరకలేదు. పారిజాతాలు దొరికాయి.'

రెండో ఆదివారం: ఇంకో కుంట!

బర్కత్‌పుర మీదుగా నారాయణగూడకు రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. ఆటోలో అయితే అయిదు నిమిషాల్లో దాటేసే దారి. నడిస్తేనే తెలుస్తుంది... ఒకప్పుడు ఎంత నీడ ఉన్న దారో! ఇప్పటికీ అక్కడక్కడా పెద్ద వరండా, ఎత్తు గుమ్మం, పెరట్లో మామిడిచెట్టు ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. వాటి పక్కనే అయిదంతస్తులు. చాలా ఇళ్ల గేట్లకు తాళాలు. పిల్లలు ఎక్కడో దూరదేశాల్లో. తాళం పడిన ఇల్లు ఎక్కువ రోజులు ఇల్లుగా ఉండదని ఈ వీధుల్లో నడిచేవాళ్లకు తెలుసు. ఓ శరత్తులో గేటుకు తాళం, మరుసటి శరత్తుకు రేకుల కంచె, ఆపై ఏడాదికి సెల్లార్ గుంత.

నారాయణగూడలో ఓ ఆడపిల్లల బడి ఉంది. 1928లో మాడపాటి హనుమంతరావు పూనికతో మొదలైంది. నిజాం పాలనలో ఉర్దూయే చదువుల భాషగా ఉన్న రోజుల్లో ఆడపిల్లలకు, అదీ తెలుగులో, ఉన్నత పాఠశాల చదువు చెప్పడమంటే మాటలు కాదు. ఆ పెద్దాయనే 1951లో హైదరాబాద్ మొదటి మేయరయ్యారు. బడి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

అక్కడి నుంచి తిలక్ రోడ్డు వైపు తిరిగితే సారస్వత పరిషత్తు. 1943లో తెలుగు భాషాసాహిత్యాల కోసం పుట్టిన సంస్థ. సాయంత్రాలు ఏదో ఒక పుస్తకావిష్కరణో, సన్మానమో జరుగుతూనే ఉంటుంది. ఈ దారుల్లోనే సురవరం ప్రతాపరెడ్డి నడిచారు. 1926లో 'గోలకొండ పత్రిక' పెట్టి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 350 మందికి పైగా కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చిన మనిషి. ఎవరో ఓ మాట అన్నందుకు ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, పుస్తకంగా అచ్చేసి జవాబు చెప్పారాయన.

అంతలో మనవరాలు ఓ దుకాణం బోర్డు మీది చిరునామా చదివి గట్టిగా అరిచింది. 'తాతా... ఇంకో కుంట! బొగ్గులకుంట!'

నిజమే. సారస్వత పరిషత్తు ఉన్నది బొగ్గులకుంటలోనే. అక్కడా కుంట లేదు. బొగ్గులూ లేవు. బ్యాంకులు, ట్యూషన్ సెంటర్లు, పార్కింగ్ చేసిన స్కూటర్లు ఉన్నాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తాతామనవరాళ్లు నగరం పటం ముందేసుకుని కూర్చున్నారు. వెతికేకొద్దీ నీళ్లే నీళ్లు... పేర్లలో! పుత్లీబౌలి, గచ్చిబౌలి. బౌలి అంటే మెట్లబావి. ఐటీ ఆఫీసులకు రోజూ లక్షలమంది వెళ్లొచ్చే గచ్చిబౌలి పేరులో ఓ బావి ఉంది. మాసాహెబా పేరున్న చెరువు మాసాబ్‌ట్యాంక్ అయింది. ఇప్పుడక్కడ ఫ్లైఓవరుంది, చెరువు లేదు. ఇక పేర్లలో 'బాగ్' ఉన్నచోటల్లా ఓ తోట. బాగ్‌లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట, జాంబాగ్... తోటలు పోయినా పేర్లు పోలేదు. ఒక్క అర్థంలో చూస్తే ఈ నగరపు చిరునామాలన్నీ పాత చెరువుల, బావుల, తోటల జాబితాయే.

మూడో ఆదివారం: మాట్లాడనివ్వని సభ

సుల్తాన్‌బజార్‌కు ఆదివారం ఉదయం ఏడుకు వెళ్లాలి. పది దాటితే అడుగు వెయ్యడానికి చోటుండదు. దుకాణాల షట్టర్లు దించి ఉన్నప్పుడు తలెత్తి చూస్తే ఆ పాత మేడల పైఅంతస్తులు కనిపిస్తాయి. చెక్క కిటికీలు, ఇనుప అల్లికల రెయిలింగులు. ఒకప్పుడిది రెసిడెన్సీ బజారు. నిజాం రాజ్యం నడిబొడ్డులో ఉన్నా బ్రిటిష్ రెసిడెంటు అజమాయిషీలో ఉండేది. 1930ల్లో నిజాం చేతికి తిరిగొచ్చాక సుల్తాన్‌బజార్ అయింది. ఇప్పుడు నెత్తిమీద మెట్రో. 2020 ఫిబ్రవరి నుంచి నారాయణగూడ, సుల్తాన్‌బజార్ల మీదుగా ఎంజీబీఎస్ దాకా రైళ్లు నడుస్తున్నాయి. పనికి పోయేవాళ్లకు సుఖం. మెట్రో కట్టేటప్పుడు అభ్యంతరం చెప్పిన పాత దుకాణదార్లను అడిగితే మాత్రం ఇంకో కథ చెబుతారు.

ఈ సందడి మధ్యే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వెనక నిలిచారు. హైదరాబాద్ రాజ్యంలో తెలుగువాళ్లు పెట్టుకున్న తొలి గ్రంథాలయం ఇదే. నిజాం పాలనలోని తెలుగువాళ్లకు పుస్తకమే ఆయుధమని ఆ ముగ్గురికీ నూటపాతికేళ్ల కిందటే తెలిసింది.

దగ్గర్లోనే వివేకవర్ధిని. 1921 నవంబరులో అక్కడో సంఘ సంస్కార సభ జరిగింది. వక్తలు ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లిషులో మాట్లాడుతుంటే అందరూ శ్రద్ధగా విన్నారు. అలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టేసరికి గోల. ఆయన్ను మాట్లాడనివ్వలేదు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాషకు జరిగిన ఆ అవమానం భరించలేక అప్పటికప్పుడు కొందరు సమావేశమై ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. ఆపై అదే ఆంధ్ర మహాసభకు దారితీసింది. ఓ సభలో చప్పట్లకు బదులు ఎగతాళి వినపడడం వల్ల చరిత్ర మలుపు తిరగడం ఎక్కడో పుస్తకాల్లో చదవాల్సిన సంగతి కాదు. కోఠి బస్టాపుకు నాలుగడుగుల దూరంలో జరిగింది.

'అంటే... తెలుగులో మాట్లాడితే నవ్వారా తాతా?'

'నవ్విన్రు బిడ్డా.'

'మా స్కూల్లో కూడా నవ్వుతారు' అంది మనవరాలు మామూలుగా. తాతయ్య ఏమీ అనలేదు. ఇద్దరూ కాసేపు మాట్లాడకుండా నడిచారు.

కోఠి మహిళా విశ్వవిద్యాలయం గేటు దాటితే రెసిడెన్సీ. 1803లో మొదలై 1806కు పూర్తయిన భవనం. రెండో అంతస్తు దాకా లేచిన తెల్లని స్తంభాలు, మెట్లకు ఇరువైపులా సింహాలు. కట్టించిన జేమ్స్ కిర్క్‌ప్యాట్రిక్ పూర్తయిన భవనాన్ని చూడకుండానే 1805లో చనిపోయాడు. హైదరాబాదీ యువతి ఖైరున్నీసాను పెళ్లాడి, ఇక్కడి దుస్తులు, ఇక్కడి అలవాట్లు నేర్చుకున్న మనిషి. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో జనం తిరగబడి దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. తుర్రెబాజ్ ఖాన్ స్మారకం కోఠి బస్టాపు దగ్గరుంది. బస్సు కోసం దాన్ని ఆనుకుని నిలబడేవాళ్లు వందలమంది. పేరు చదివేవాళ్లు మాత్రం కొద్దిమందే. రెసిడెన్సీ దర్బారు హాల్లో దశాబ్దాల పాటు ఆడపిల్లలు పాఠాలు విన్నారు. ఏళ్ల తరబడి మరమ్మతులు చేశాక భవనానికి పాత కళ తిరిగొచ్చింది. ఇప్పుడా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. రెసిడెంట్ దొర కట్టిన మేడకు భూమి కోసం దొరతో తలపడ్డ పల్లెటూరి స్త్రీ పేరు!

నాలుగో ఆదివారం: నూటయాభై ప్రాణాల చెట్టు

అఫ్జల్‌గంజ్. ఉస్మానియా ఆస్పత్రి వెనక, మూసీ వైపు ఓ చింతచెట్టు. చూడ్డానికి ఏ ఊళ్లోనైనా ఉండేలాంటిదే. పెద్ద మొదలు, చిన్న ఆకులు. కానీ ఈ చెట్టు దగ్గర చెప్పులు విప్పేవాళ్లూ ఉన్నారు.

1908 సెప్టెంబరు 28. రెండు రోజులుగా కుండపోత. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా మూసీలోకి వచ్చి నగరం మీద పడ్డాయి. వంతెనలు కొట్టుకుపోయాయి. ఒడ్డునున్న పేటలకు పేటలే తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవాళ్లు పదిహేను వేలమంది ఉంటారని అంచనా. ఆ రోజు ఈ చింతచెట్టెక్కి, కొమ్మలు పట్టుకుని సుమారు నూటయాభై మంది బతికారు. చుట్టూ పెద్ద పెద్ద గోడలు కూలిపోతుంటే చెట్టు మాత్రం నిలబడింది. ఏటా సెప్టెంబరు 28న కొందరు ఆ చెట్టు దగ్గరికొచ్చి పోయినవాళ్లను తలచుకుంటారు.

వరద తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన 1909లో వచ్చి లెక్కలు కట్టి, ఎగువన నీళ్లను ఆపే రిజర్వాయర్లు కట్టమన్నారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరం గొంతు తడిపిన ఆ రెండు చెరువులూ నిజానికి వరద భయంతో పుట్టినవి. నదికి అటూ ఇటూ హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి లేచింది కూడా ఆ తర్వాతి ఏళ్లలోనే.

భయం తీరిపోయిందా? 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు కాలనీలకు కాలనీలే రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మునిగినవాటిలో చాలావరకు చెరువుల్లో, నాలాల పక్కన లేచినవే. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ పొంగి, ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి. దసరాకు ఊరెళ్దామని సంచులతో వచ్చిన ప్రయాణికులు మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డారు. నీళ్లకు మన చిరునామాలు తెలియవు. వాటికి తెలిసింది పాత దారొక్కటే. పల్లం ఎటుంటే అటు.

మనవరాలు చింతచెట్టు మొదలు చుట్టూ చేతులు చాచి చూసింది. అందలేదు. తాతయ్య కూడా చేతులు కలిపినా అందలేదు.

'నల్లకుంట పోయింది కదా తాతా... మరి దాన్లోకి రావాల్సిన నీళ్లు ఇప్పుడెక్కడికి పోతాయి?'

పది వాక్యాల హోంవర్కులో ఈ ప్రశ్నకు చోటు లేదు. నగరం మాత్రం దీనికి ప్రతి వానాకాలం జవాబు చెబుతూనే ఉంది.

అయిదో ఆదివారం: దొరికింది!

ఈసారి తూర్పుకు. నల్లకుంట నుంచి అంబర్‌పేట వైపు నడిస్తే బాగ్ అంబర్‌పేటలో బతుకమ్మకుంట. పేరులో కుంట ఉంది. విచిత్రం ఏమిటంటే... నిజంగానే కుంట కూడా ఉంది!

ఎప్పుడూ ఉండేదేం కాదు. ఒకప్పుడు చుట్టుపక్కల ఆడపడుచులు బతుకమ్మలు వదిలిన నీళ్లు మట్టితో, చెత్తతో పూడిపోయి, ముళ్లపొదలతో నిండిపోయాయి. కుంట కాదు స్థలమే అన్నవాళ్లున్నారు, కోర్టు దాకా వెళ్లింది. చివరికి 2025లో హైడ్రా తవ్వకం మొదలుపెట్టింది. తవ్వుతుంటే నీళ్లు ఊరాయి. పొదలు తీసి, కట్ట వేసి, చుట్టూ నడకదారి వేశారు. అదే ఏడాది సెప్టెంబరు చివర్లో, బతుకమ్మ రోజుల్లోనే కుంటను మళ్లీ జనానికి అప్పగించారు. మిగిలింది దాదాపు అయిదెకరాలే. ఒకప్పుడున్నంత లేదు. అయినా ఏళ్ల తర్వాత ఆ నీళ్ల మీద మళ్లీ పూలు తేలాయి.

చుట్టూ నడవడానికి పది నిమిషాలు చాలు. ఒడ్డున తూనీగల గుంపులు. తోక ఆడిస్తూ గట్టు మీద పరుగులు తీసే ఓ చిన్న పిట్ట. ఈ కాలంలో చలిదేశాల నుంచి మన నీళ్ల దగ్గరికి వలసొచ్చే పిట్టల్లో ఇవీ ఉంటాయి. బెంచీ మీద ఓ ముసలాయన పేపరు చదువుతున్నారు. ఇద్దరు ఆడవాళ్లు నడుస్తూ నడుస్తూ కోడళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ప్రపంచంలో ఏ చెరువు గట్టు మీదైనా ఉండే దృశ్యమే.

ఇలా తిరగడానికి హైదరాబాదే కానక్కర్లేదు. విశాఖ పాతనగరంలో ఒకే వరసలో గుడి, దర్గా, చర్చి ఉన్న మూడు కొండలున్నాయి. ఎంతమంది విశాఖవాసులు మూడూ ఎక్కారు? విజయవాడలో గవర్నరుపేట, సూర్యారావుపేట అని రోజూ అనేవాళ్లలో ఆ గవర్నరెవరో, ఆ సూర్యారావెవరో ఎంతమంది అడిగారు? వరంగల్‌లో కాకతీయుల మట్టికోట గోడ మీదుగా రోజూ వెళ్లొచ్చేవాళ్లు దాన్ని ఏదో మట్టికట్ట అనుకుని పోతుంటారు. ప్రతి ఊళ్లోనూ ఓ నల్లకుంట ఉంటుంది. కుంటేదని అడిగేవాళ్లే కావాలి.

ఎందుకంటే నడవనివాళ్లకు ఏం పోయిందో తెలియదు. కారు అద్దంలోంచి చూస్తే చెట్టు కొట్టేసిన చోటు ఖాళీగా కనిపించదు, రోడ్డు వెడల్పుగా కనిపిస్తుంది. రోజూ ఆ నీడలోంచి నడిచినవాళ్లకే ఎండ తగులుతుంది. బతుకమ్మకుంట మిగిలిందంటే, పొదల మధ్య కూడా అది కుంటేనని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఆ చుట్టుపక్కల ఉండబట్టే.

మనవరాలు నోటుబుక్కు తీసింది. తొమ్మిది వాక్యాలు అప్పటికే అయ్యాయి. పదోది రాసి తాతయ్యకు చూపించింది.

'మా కుంట పోయింది. కానీ పక్క పేట కుంట తిరిగొచ్చింది. వచ్చే బతుకమ్మకు నేను, నానమ్మ ఇక్కడికి వస్తాం.'

'మరి నేను?' అన్నారు తాతయ్య.

'నువ్వు తంగేడు పువ్వు తేవాలి కదా తాతా!'

నడకకు ముందు...

• ఉదయం ఆరు నుంచి ఎనిమిది, లేదంటే సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర. మధ్యాహ్నం ఎండకు ఈ కాలంలోనూ తల నొప్పెడుతుంది.

• ఒక రోజుకు ఒక పేట చాలు. మూడు నాలుగు కిలోమీటర్లకు మించి పెట్టుకోవద్దు. తిరుగు ప్రయాణానికి బస్సో, మెట్రోనో ఉండేలా చూసుకుంటే పిల్లలు, పెద్దలు అలసిపోరు.

• ఫుట్‌పాత్ లేనిచోట ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడిపక్కన నడవండి. పిల్లల్ని లోపలివైపు ఉంచండి.

• వానలు తగ్గినా దోమలు తగ్గవు. నిండు చేతుల చొక్కా, పాదాలు కప్పే బూట్లు మేలు.

• ఆస్పత్రి, కాలేజీ, గ్రంథాలయం లాంటి చోట్ల లోపలికి వెళ్లేముందు కాపలావాళ్లను అడగండి. వేళలు ముందే కనుక్కుంటే వెనక్కి తిరిగే పని ఉండదు.

• పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

• వెంట ఓ నీళ్లసీసా, ఓ నోటుబుక్కు. వీలైతే ప్రశ్నలడిగే ఓ పిల్లో, పిల్లాడో!